ఋణసంఖ్యలను భాగించడమెట్లా?

ఏడవ తరగతి గణితంలో పూర్ణసంఖ్యల భాగహారం చిన్న పాఠం. కొద్ది పుటలలో ముగుస్తుంది. ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద రెండు వాక్యాలు వ్రాస్తాడు: గుర్తులు రెండూ ఒకటే అయితే ఫలం ధనం; గుర్తులు వేరైతే ఫలం ఋణం. పిల్లలు వ్రాసుకొని వల్లె వేస్తారు. ఆ వారం ఇచ్చిన లెక్కలన్నీ సరిగానే చేస్తారు. చిక్కు తరువాత వస్తుంది. నెల తిరిగేసరికి అదే పిల్లవాడు −12 −4 అన్న లెక్కకు +16 అని వ్రాస్తాడు. అదేమిరా అని అడిగితే, “రెండు మైనసులు కలిస్తే ప్లసు గదా!” అంటాడు.

ఇది మందమతి చేసిన తప్పు కాదు. శ్రద్ధగా వల్లె వేసినవాడే ఈ తప్పు చేస్తాడు. భాగహారానికి చెప్పిన మాటను కూడికలోకి తోలుకుపోయినాడు, అంతే. గుంజ లేని పశువు ఏ చేలోనైనా పడుతుంది. ఆ సూత్రం ఎక్కడ పుట్టిందో, ఏ ప్రశ్నకు జవాబుగా వచ్చిందో చూపితే అది తన చేను దాటిపోదు. ఇంట్లో పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకొని లెక్కలు చెప్పే పెద్దలు చేయవలసిన పని ఇదే. ఇందుకు పెద్ద చదువు అక్కర లేదు.

వత్సవాయిలో ఏడవ తరగతి చదివే ఒక పిల్లవాడిని ఊహించుకుందాము. వత్సవాయి జగ్గయ్యపేటకు చేరువనున్న మెట్ట ఊరు. ఈ ప్రాంతం చిరకాలం కృష్ణా జిల్లాలో ఉండి, 2022లో కొత్తగా ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరింది. పత్తి, మిరప పండించే పల్లెలు. విత్తనానికీ, ఎరువుకూ, మందులకూ ముందు అప్పు. పంట అమ్మిన తరువాత జమ. ఆ ఇంటి పిల్లవాడికి అప్పు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర లేదు. ఆ మాటే అతని పాఠ్యపుస్తకంలో ఉన్నది. ఇంగ్లీషు పుస్తకాలలో ఈ సంఖ్యలకున్న పేరుకు “కాదన్నది” అనే భావం తప్ప వేరు రుచి లేదు. మనవి ధనసంఖ్యలు, ఋణసంఖ్యలు, కలిమి, అప్పు. పిల్లవాడు ఆ పేరును ప్రతిరోజూ చదువుతూ, అందులోని అర్థాన్ని మాత్రం ఇంటి దగ్గరే వదలి బడికి పోతున్నాడు.

ఈ పేర్లు నిన్న మొన్న పెట్టినవి కావు. 598లో పుట్టిన బ్రహ్మగుప్తుడు తన ముప్పయ్యవ ఏట, 628లో, బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమనే గ్రంథం వ్రాశాడు. అందులో ధనానికీ, ఋణానికీ, సున్నకూ కూడిక మొదలు భాగహారం వరకు నియమాలు చెప్పాడు. ధనాన్ని ధనంతో గాని, ఋణాన్ని ఋణంతో గాని భాగిస్తే ధనం. ఒకటి ధనమూ ఒకటి ఋణమూ అయితే ఋణం. నేటి నల్లబల్ల మీది వాక్యాలు దాదాపు ఇవే. క్రీ.శ. 850 ప్రాంతంలో, రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్షుని కాలంలో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో అవే నియమాలను మళ్లీ చెప్పాడు. ఆ గ్రంథాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. తెలుగులో వెలసిన గణిత గ్రంథాలలో దానిని మొదటిదిగా చెబుతారు. సూత్రం పాతది, మనకు అయినది. అయితే పాత గ్రంథాల పద్ధతి ప్రకారం ఈ నియమాలు శ్లోకాలలో ఇమిడి ఉన్నవి. ఎందుకు అట్లా అన్నది గురువు నోటి నుంచి రావలె. నేటికీ పరిస్థితి అదే.

భాగహారం అనే ఒక్క మాటలో నిజానికి రెండు ప్రశ్నలున్నవి. మొదటిది పంపకం. పన్నెండు మామిడిపండ్లను నలుగురికి సమంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని? రెండవది కొలత. పన్నెండు పండ్లలో మూడేసి పండ్ల కుప్పలు ఎన్ని? మొదటి దానిలో భాగఫలం పండ్లు. రెండవ దానిలో భాగఫలం కుప్పల లెక్క. ధనసంఖ్యలు మాత్రమే ఉన్నంత కాలం ఈ తేడాను ఎవరూ పట్టించుకోరు, జవాబు ఎట్లాగూ సరిపోతుంది గనుక. ఋణసంఖ్యలు రాగానే ఈ తేడాయే దారి చూపుతుంది.

తండ్రి చేసిన పన్నెండు వేల రూపాయల అప్పును నలుగురు అన్నదమ్ములు సమంగా పంచుకున్నారు. ఒక్కొక్కరి పాలు ఎంత? మూడు వేల అప్పు. అప్పును పంచితే అప్పే వస్తుంది. పంచినంత మాత్రాన అది కలిమి కాదు. కనుక (−12) ÷ 4 = −3. దీనిని పిల్లవాడు ఆలోచించకుండానే ఒప్పుకుంటాడు.

ఇప్పుడు అదే అప్పును కొలిచి చూడవలె. పన్నెండు వేల అప్పులో మూడు వేల అప్పులు ఎన్ని ఉన్నవి? నాలుగు ఉన్నవి. కనుక (−12) ÷ (−3) = 4. ఇక్కడ ఒక్క క్షణం ఆగి పిల్లవాడిని అడగవలె: ఈ నాలుగు ఏమిటి? నాలుగు రూపాయలా? అప్పు కాస్తా ఎగిరిపోయి కలిమి అయిందా? కాదు. ఇది లెక్క మాత్రమే, నాలుగు సార్లు అని. అప్పును అప్పుతో కొలిచినా, బియ్యాన్ని బియ్యంతో కొలిచినా సార్లు సార్లే. “మైనసును మైనసు కొట్టేస్తుంది” అని చెప్పడం కన్న ఈ మాట ఎంతో మేలు. కొట్టేయడం అనేది పిల్లవాడి మనస్సులో ఒక గారడీగా నిలుస్తుంది. పైన చెప్పిన +16 ఆ గారడీ నుంచి పుట్టినదే.

రెండు రకాలు తేలినవి. మూడవది 12 ÷ (−3). ఇక్కడ అప్పుల ఉపమానం నోరు మూస్తుంది. పన్నెండు వేల కలిమిలో మూడు వేల అప్పులు ఎన్ని? ప్రశ్నకే అర్థం లేదు. పన్నెండు వేలను ‘మైనస్ ముగ్గురికి’ పంచడమూ కుదరదు. చాలామంది ఇక్కడ గబగబా నడిచిపోతారు. మొదటి రెండు సరిపోయినవి గదా, ఇదీ సూత్రం ప్రకారమే అంటారు. పిల్లవాడు సరే అంటాడు గాని, మనస్సులో ఒక ముల్లు మిగిలిపోతుంది. ఇక్కడ గబగబా పోకూడదు.

ఆ ముల్లు గుచ్చుకున్నది పిల్లవాడికి మాత్రమే కాదు. 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశంలో ఆంత్వాన్ ఆర్నో అనే పండితుడు ఉండేవాడు. తత్త్వవేత్త, గణితం బాగా ఎరిగినవాడు. ఆయనకు ఒక సందేహం కలిగింది. −1ని 1తో భాగించినా, 1ని −1తో భాగించినా −1 అంటున్నారు. అంటే −1కి 1తో ఎట్టి సంబంధమో, 1కి −1తో అట్టి సంబంధమే. కాని −1 చిన్నది, 1 పెద్దది. చిన్నదానికి పెద్దదానితో ఉన్న సంబంధం, పెద్దదానికి చిన్నదానితో ఉన్న సంబంధంతో ఎట్లా సమానమవుతుంది? ఇది తేలికగా కొట్టివేయదగిన ప్రశ్న కాదు. 1712లో లైబ్నిట్జు అంతటివాడు కూడా ఈ ఆక్షేపణలో బలమున్నదని ఒప్పుకుంటూనే, ఇటువంటి సంఖ్యలతో గణన చేయడంలో దోషం లేదన్నాడు. 1758లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ మాసెరెస్ అనే ఆయన ఋణసంఖ్యలను బీజగణితం నుంచి చాలమట్టుకు తొలగించాలని ఏకంగా ఒక గ్రంథమే వ్రాశాడు. వత్సవాయి పిల్లవాడు తడబడిన చోట వీరందరూ తడబడినవారే. ఆ సంగతి అతనికి చెప్పడం వల్ల నష్టం లేదు, ధైర్యం కలుగుతుంది.

ఆర్నో సందేహానికి మూలం ఒక అలవాటు. భాగహారం అంటే పరిమాణాలను, అనగా ఎంత పెద్ద, ఎంత చిన్న అన్నదానిని పోల్చడమే అని ఆయన అనుకున్నాడు. ఋణసంఖ్యలో పరిమాణమే కాక దిక్కు కూడా ఉన్నది. 1 నుంచి −1కి పోవలెనంటే దిక్కు తిప్పవలె. −1 నుంచి 1కి రావలెనన్నా దిక్కు తిప్పవలె. రెండు చోట్లా చేసే పని ఒకటే. అందువల్ల జవాబూ ఒకటే.

దీనిని పిల్లవాడికి అందించడానికి రెండు దారులున్నవి. మొదటిది భాగహారాన్ని హెచ్చవేతగా తిరగవేయడం. 12 ÷ 3 ఎంత అన్నా, మూడును ఎంతతో హెచ్చవేస్తే పన్నెండు వస్తుంది అన్నా ఒకటే. అట్లాగే 12 ÷ (−3) ఎంత అంటే, −3ను ఎంతతో హెచ్చవేస్తే 12 వస్తుంది? 4తో హెచ్చవేస్తే −12 వచ్చింది, అది కాదు. −4తో హెచ్చవేస్తే 12 వచ్చింది, అదే జవాబు. ఈ పరీక్ష ఏ లెక్కకైనా పనికి వస్తుంది. సూత్రం మరచిపోయిన పిల్లవాడు కూడా దీనితో తన జవాబును తానే సరిచూసుకోగలడు. పరీక్ష గదిలో పక్కవాడి వైపు చూడవలసిన అవసరం లేదు.

అయితే −3ను −4తో హెచ్చవేస్తే 12 ఎందుకు? తెలివైన పిల్లవాడు ఇక్కడ తప్పక నిలదీస్తాడు. నిలదీయకపోతే పెద్దలే ఆ ప్రశ్న వేయవలె. −3 ఎక్కాన్ని పైనుంచి కిందికి వ్రాయించండి. మూడు సార్లు −9, రెండు సార్లు −6, ఒకసారి −3, సున్న సార్లు 0. మెట్టు దిగిన కొద్దీ ఫలం మూడు చొప్పున పెరుగుతున్నది. ఎక్కం ఇక్కడ ఆగక ఇంకా దిగితే, −1 దగ్గర 3, −2 దగ్గర 6, −3 దగ్గర 9, −4 దగ్గర 12. వరుస తప్పకుండా ఉండవలెనంటే వేరు దారి లేదు. కొంచెం పెద్ద తరగతి వారికి ఇదే మాటను మరొక విధంగా చెప్పవచ్చు. 4కు −4ను కలిపితే సున్న. −3ను సున్నతో హెచ్చవేస్తే సున్న. కనుక −3ను 4తో హెచ్చవేసిన ఫలమూ, −4తో హెచ్చవేసిన ఫలమూ కలిసి సున్న కావలె. మొదటిది −12. రెండవది 12 అయితే తప్ప సున్న రాదు.

రెండవ దారి మున్నేటి గట్టు మీద ఉన్నది.

మున్నేరు వత్సవాయి మండలం గుండా పారి, కిందికి పోయి కృష్ణలో కలుస్తుంది. వేసవిలో ఇసుక తిన్నెల నడుమ పాయగా కనిపించే ఏరు, ఎగువ వానలు పడితే ఒక్కరాత్రిలో పొంగుతుంది. 2023 జులైలో నందిగామ దగ్గర ఐతవరం వద్ద దాని నీరు విజయవాడ–హైదరాబాదు జాతీయ రహదారి మీదికి వచ్చి రాకపోకలు నిలిచిపోయినవి. ఏటి ఒడ్డు ఊళ్లలోని పెద్దలకు నీటిమట్టం చూడడం పుట్టుకతో వచ్చిన విద్య. ఎక్కుతున్నదా, తీస్తున్నదా; గంటకు ఎంత; ఎప్పటికి ఎక్కడికి వస్తుంది? ఇవన్నీ భాగహారపు లెక్కలే. ఐదవ తరగతితో చదువు మానిన తాత కూడా వీటిని నోటితో చేయగలడు. తాతా మనుమల మధ్య ఈ పాఠం ఇట్లా నడవవచ్చు.

“ఒరే అబ్బాయ్, ఏరు తీస్తున్నది. గంటకు మూడంగుళాలు. నీ పుస్తకంలో దాన్ని ఎట్లా రాస్తావు?”

“తగ్గుతున్నది గదా తాతయ్యా, మైనస్ మూడు.”

“ఇప్పుడున్న మట్టం కన్న పన్నెండంగుళాలు తగ్గేది ఎప్పటికి?”

“ఇంకా నాలుగు గంటలకు.”

“సరే. ఇప్పుడున్న మట్టం కన్న పన్నెండంగుళాలు ఎక్కువ ఉన్నది ఎప్పుడు?”

“నాలుగు గంటల కిందట.”

“‘కిందట’ అన్నావు చూడు, అదేరా నీ మైనసు.”

ఈ నాలుగు మాటలలో పాఠమంతా ఉన్నది. నీరు పెరగడం ధనం, తగ్గడం ఋణం. ముందు రాబోయే గంటలు ధనం, గడచిన గంటలు ఋణం. మార్పును గంటకు జరిగే మార్పుతో భాగిస్తే కాలం వస్తుంది. పన్నెండు తగ్గు, గంటకు మూడు తగ్గు: (−12) ÷ (−3) = 4, అంటే ఇంకా నాలుగు గంటలు. పన్నెండు ఎక్కువ, గంటకు మూడు తగ్గు: 12 ÷ (−3) = −4, అంటే నాలుగు గంటల కిందట. అప్పుల లెక్కలో అర్థం లేకుండా పోయిన ప్రశ్నకు ఏటి లెక్కలో చక్కని అర్థం దొరికింది. ఏరు ఎక్కుతున్నప్పుడు ఇదే ప్రశ్నను మార్చి అడగవచ్చు: గంటకు మూడంగుళాలు ఎక్కుతున్న నీరు ఇప్పటి కన్న పన్నెండు తక్కువగా ఉన్నది ఎప్పుడు? (−12) ÷ 3 = −4; ఇదీ నాలుగు గంటల కిందటే. ఇంకొకటి: నాలుగు గంటల కిందట నీరు ఇప్పటి కన్న పన్నెండంగుళాలు ఎక్కువ ఉండేది, ఏరు ఎక్కుతున్నదా, తీస్తున్నదా? 12 ÷ (−4) = −3; తీస్తున్నది. నిజమైన ఏరు గంట గంటకూ ఒకే తీరున తగ్గదు, ఆ మాట తాతే ముందు చెబుతాడు. లెక్క కోసం ఆ సవరణను కొంచెంసేపు పక్కన పెట్టుకోవచ్చు.

ఇట్లా నేర్చిన పిల్లవాడు −12 −4 దగ్గర తడబడడు. నీరు పన్నెండు తగ్గి, మరి నాలుగు తగ్గితే మొత్తం పదహారు తగ్గింది. ఇక్కడ ఎవరూ ఎవరినీ భాగించలేదు, హెచ్చవేయలేదు.

వ్రాతలో కొన్ని జాగ్రత్తలున్నవి. మైనసు గుర్తు రెండు ఉద్యోగాలు చేస్తుంది. ఒకచోట తీసివేయమని ఆజ్ఞ. మరొకచోట సంఖ్యకు ఇంటిపేరు. పిల్లవాడు మొదట్లో ఋణసంఖ్యలకు కుండలీకరణాలు వేసుకుంటే ఈ రెండూ కలగలిసిపోవు. భిన్నరూపంలో వ్రాసినప్పుడు గుర్తు పైన ఉన్నా, కింద ఉన్నా, గీతకు ముందు ఉన్నా విలువ ఒకటే. విభాజ్యాన్నీ విభాజకాన్నీ తారుమారు చేస్తే మాత్రం ఒకటి కాదు: (−12) ÷ 4 పూర్ణసంఖ్య, 4 ÷ (−12) పూర్ణసంఖ్యే కాదు. సున్నను −5తో భాగిస్తే సున్న. −5ను సున్నతో భాగించడానికి వీలు లేదు. సున్నను ఎంతతో హెచ్చవేసినా −5 రాదు గనుక. ఈ సున్న విషయంలో పూర్వులు కూడా పొరబడినారు. సున్నను సున్నతో భాగిస్తే సున్న అని బ్రహ్మగుప్తుడు, సున్నతో భాగించిన సంఖ్య మారదని మహావీరుడు చెప్పారు. హెచ్చవేసి సరిచూసే పై పరీక్షకు రెండవది నిలవదు; మొదటి దానిలో సున్నే కాదు, ఏ సంఖ్య అయినా ఆ పరీక్షకు నిలుస్తుంది గనుక ఒక్క జవాబంటూ తేలదు.

మిగిలినది శేషం సంగతి. బడిలో సాధారణంగా నిశ్శేషంగా పోయే లెక్కలే ఇస్తారు. అందుచేత −7ను 2తో భాగిస్తే భాగఫలమెంత, శేషమెంత అని అడిగితే పై తరగతులవారు కూడా ఆలోచనలో పడతారు. రెండు జవాబులు తోస్తవి. భాగఫలం −3, శేషం −1 అనవచ్చు. భాగఫలం −4, శేషం 1 అనవచ్చు. విభాజకాన్ని భాగఫలంతో హెచ్చవేసి శేషం కలిపితే రెండింటా −7 వస్తుంది. సంఖ్యాశాస్త్రంలో శేషం ఋణం కాకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు. దాని ప్రకారం రెండవదే జవాబు.

ఈ కట్టుబాటు ఊరికే పెట్టుకున్నది కాదు. నేడు బుధవారమైతే పది రోజుల కిందట ఏ వారం? −10ని 7తో భాగించవలె. −10 అంటే ఏడు హెచ్చవేత −2, దానికి కలుపు 4. శేషం 4. బుధవారం నుంచి నాలుగు రోజులు ముందుకు లెక్కిస్తే ఆదివారం. వేళ్ల మీద పది రోజులు వెనక్కు లెక్కించినా ఆదివారమే వస్తుంది. శేషాన్ని ధనంగా ఉంచుకుంటే వెనుకకు పోయే లెక్క ముందుకు పోయే లెక్కగా మారుతుంది. పంచాంగం లెక్కలలో ఇది మంచి సదుపాయం.

కంప్యూటరు భాషలు మాత్రం ఈ విషయంలో ఏకాభిప్రాయానికి రాలేదు. −7ను 2తో భాగించి పూర్ణసంఖ్య భాగఫలాన్ని అడిగితే పైథాన్ భాష −4 అంటుంది, సి భాష −3 అంటుంది. ఒక భాషలో సరిగా పలికిన వారాల లెక్క, రెండవ భాషలోకి అక్షరాలా దింపితే శేషం −3 అని చెబుతుంది. అప్పుడు దానికి ఏడు కలుపుకొని 4 చేసుకోవలె.